కిడ్నీలో గడ్డలన్నీ క్యాన్సరు కావు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను డాక్టరును కాను, గుమాస్తాను. కాగితం ఓపికగా చదవడం మాత్రం నేర్చినవాణ్ణి.

యాభై దాటినవారి కిడ్నీల మీద నీటితిత్తులు చాలా సామాన్యం. పలుచని గోడ, లోపల నీరు. వాటితో పేచీ లేదు. అరుదుగా ఒకే కిడ్నీలో ఒకచోట తిత్తులు ద్రాక్షగుత్తిలా చేరుతాయి. లోకలైజ్డ్ సిస్టిక్ డిసీజ్ అంటారు. గోడలు ఒకదానికొకటి ఆనుకుని స్కానింగులో గదులు గదులుగా ఉన్న ట్యూమరులా కనబడుతుంది. మన సభ్యులొకరికి ఇలాగే "ఎడమ కిడ్నీలో గడ్డ" అని రిపోర్టు వస్తే, కిడ్నీ తీసేయాలన్నారు. ఇంట్లో మూడు రోజులు ఎవరికీ అన్నం సహించలేదు. రెండో నిపుణుడు ఫిల్ములు మళ్లీ చూసి, గుత్తి చుట్టూ పొర లేదనీ, తిత్తుల మధ్య ఉన్నది మామూలు కిడ్నీ కండేననీ తేల్చారు. కిడ్నీ దక్కింది.

వంశపారంపర్యంగా వచ్చే పాలిసిస్టిక్ వ్యాధి వేరు. అది రెండు కిడ్నీలనూ పట్టి క్రమంగా పాడుచేస్తుంది. పిల్లల్లో ఒక్కొక్కరికి వచ్చే అవకాశం సగానికి సగం. నేను చెప్పిన గుత్తి వ్యాధి పిల్లలకు సంక్రమించదు, డయాలిసిస్ దాకా తీసుకుపోదు.

హైడాటిడ్ తిత్తి సంగతీ చెప్పాలి. కుక్క పేగుల్లోని బద్దెపురుగు గుడ్లు తిండి, నీళ్ల ద్వారా మనలో చేరితే వస్తుంది. ఎక్కువగా కాలేయానికి, ఊపిరితిత్తులకు. కిడ్నీకి బహు అరుదు. తెలియక సూది గుచ్చితే లోపలి ద్రవం చిమ్మి ప్రాణం మీదికి రావచ్చు. గొర్రెలూ కుక్కలూ ఉన్నచోట పెరిగినవారు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి.

న్యూయార్కు రేడియాలజిస్టు మోర్టన్ బోస్నియాక్ 1986లో ఈ తిత్తులకు తరగతులు ఏర్పరచారు. 2019లో సవరణ జరిగింది. 1, 2 తరగతులు నిరపాయకరం. 2ఎఫ్ అంటే కొన్నేళ్లు స్కానింగులతో కనిపెట్టి ఉండాలి. మూడులో దాదాపు సగం క్యాన్సరే. నాలుగైతే చాలావరకు అదే. మన ఆఫీసుల్లో నాలుగో తరగతివారిని ఎవరూ పట్టించుకునేవారు కాదు గానీ, ఇక్కడ నాలుగును ఒక్క వారం కూడా పెండింగులో పెట్టకండి. మూత్రంలో రక్తం పడినా అంతే.

రిపోర్టులో తరగతి రాయకపోతే అడగండి. కాంట్రాస్టు మందు ఎక్కించక ముందూ, తర్వాతా తీసిన సి.టి. ఫిల్ములు ఉంటేనే తేల్చడం సుళువు. ఆ మందుకు ముందు క్రియాటినిన్ పరీక్ష అడగండి. ఎప్పుడో తీసిన పాత స్కానింగు ఉంటే పారేయకండి. అయిదేళ్ల క్రితమూ తిత్తి అంతే ఉందని దానివల్లే తెలుస్తుంది. రీయింబర్స్‌మెంటు బిల్లుతోపాటు ఒరిజినల్ ఫిల్ములు ఇచ్చేయకుండా, జిరాక్సు రిపోర్టు జతపరచి, ఫిల్ములు ఇంట్లోనే ఉంచుకోండి.