పెన్సిలు పట్టేంత సందు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు డి.ఏ. బకాయిల గురించి మాట్లాడమంటారేమోనని భయపడ్డాను. ఆ విషయంలో నాకంటే బాగా మాట్లాడేవారు ఈ హాలులో కనీసం ఇరవై మంది ఉన్నారు. కానీ ఆయన, "అదేం వద్దు, మీ సైకిలు సంగతి చెప్పండి. మనవాళ్ళలో ఇంకా సైకిలు తొక్కేవాళ్ళున్నారు, వాళ్ళకు పనికొస్తుంది" అన్నారు. నేను మెకానిక్కును కాను. ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళు కుట్టినవాణ్ణి. నా చేతులతో నేను చేసిన తప్పు, దాన్ని దిద్దుకున్న తీరు మాత్రం చెప్పగలను.

మాది ఉప్పుగూడ. 1975లో ఆఫీసులో సైకిలు అడ్వాన్సు మంజూరైతే నలుపు రంగు అట్లాస్ బండి కొన్నాను. ఆ అడ్వాన్సు నెలనెలా జీతంలో పట్టుకుని ఎప్పుడో తీరిపోయింది గాని, బండి మాత్రం నేను 2008లో రిటైరయ్యేదాకా నడిచింది. లాల్ దర్వాజా, శాలిబండ, చార్మినార్, పత్తర్‌గట్టి, నయాపూల్, అఫ్జల్‌గంజ్ మీదుగా నాంపల్లి. అదీ రోజూ దారి. ఛత్రినాకలో ఉండే నా మిత్రుడొకరు, మా సెక్షనులోనే పనిచేసేవారు, లాల్ దర్వాజా దగ్గర నాకోసం ఆగి ఉండేవారు. ఆయనదీ 28 అంగుళాల బండే. ఇద్దరి బండ్లకూ సామాన్లు అటూ ఇటూ మారుతూనే ఉండేవి. ఒకసారి ఆయన డైనమో నా బండికి డెప్యుటేషన్ మీద వచ్చి నాలుగేళ్ళు ఉండిపోయింది.

2020 అక్టోబరు వరదలు మన ఊరివారికి నేను గుర్తుచేయనక్కరలేదు. 13వ తేదీ రాత్రి కురిసిన వానకే గల్లీలు నిండాయి. 17వ తేదీ రాత్రి మళ్ళీ కురిసి బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు పాతబస్తీ ఈ వైపంతా నీళ్ళ పాలైంది. మేము మేడమీదికి బియ్యం, సర్టిఫికెట్లు, మా ఆవిడ కుట్టుమిషను ఎక్కించాము. సైకిలు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నీళ్ళు తీసిన తరువాత చూస్తే మెట్లకింద హ్యాండిలు దాకా బురదలో ఉన్నది. అంతకు నాలుగు నెలల ముందే, జూన్ 3న, అట్లాసువారి సాహిబాబాద్ కర్మాగారంలో పని ఆగిపోయింది. 1951లో సోనీపట్‌లో మొదలైన కంపెనీ అది. ఆ జూన్ 3 ప్రపంచ సైకిలు దినోత్సవం కావడం చూసి పేపరు ముందు పెట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను.

ఫ్రేము గట్టిగానే ఉంది. రెండు రిమ్ములూ చువ్వల రంధ్రాల దగ్గర తుప్పు తినేసి పొరలు పొరలుగా లేచాయి. ముందు చిమటా (కోస్తావారు ఫోర్కు అంటారు) మెడ దగ్గర పగులు కనిపించింది. మా అబ్బాయి "ఇనప సామాన్లవాడికి ఇచ్చేయండి నాన్నా, స్కూటీ కొనిస్తాను" అన్నాడు. నేను వినలేదు. తొందరపడి ఒక పాత రిమ్ము కొనుక్కొచ్చాను. ఇంటికి తెచ్చి లెక్కపెడితే 36 రంధ్రాలు. మన దేశీ బండ్లకు ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 చువ్వలు. ఇంగ్లీషువారి కాలం నుంచి వస్తున్న లెక్క అది. 36 రంధ్రాల రిమ్ము మన రెండు హబ్బుల్లో దేనికీ సరిపడదు. నెలజీతాల బిల్లులో అంకె తప్పు పోనివ్వని నేను రంధ్రాలు లెక్కపెట్టకుండా డబ్బిచ్చాను.

మా మనవడు తన గేర్ల సైకిలు పాతబడింది, దాని చక్రాలు తీసుకోమన్నాడు. "ఇవి 26, మీవి 28. రెండంగుళాలేగా తాతా" అన్నాడు. ఆ రెండంగుళాల వెనక పెద్ద కథ ఉంది. టైరు పక్కన చిన్న అక్షరాలతో 40-635 వంటి అంకెలుంటాయి. మొదటిది వెడల్పు, రెండోది టైరు అంచు రిమ్ములో కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. మన పెద్ద బండి 28 × 1½ అంటే 635. గేర్ల సైకిళ్ళ 26 × 1.75 అంటే 559. 26 × 1⅜ అని రాసి ఉంటే 590. 26 × 1¾ అని భిన్నంలో రాసి ఉంటే 571. లెక్కల మాస్టారి దగ్గర 1.75కూ 1¾కూ తేడా లేదు, టైర్ల కొట్టులో మాత్రం ఉంది. ఒకటి రెండోదాని రిమ్ముకు ఎక్కదు. పైగా మన బండి బ్రేకు కడ్డీ బ్రేకు. రబ్బరు ముక్క రిమ్ము లోపలి అంచుకు పైకి వచ్చి తగలాలి. రిమ్ము చిన్నదైతే ఆ బ్రేకు పనిచేయదు. అందుకని మనవడి చక్రాలు మనవడికే వదిలేశాను.

2021 మే నెలలో, రెండోసారి కరోనా ఉధృతంగా ఉన్నప్పుడు, ఛత్రినాక మిత్రుడు పోయారు. చివరి చూపు కూడా లేదు. నెలన్నర తరువాత వాళ్ళింటికి వెళితే, ఆయన భార్య "అన్నయ్యగారూ, ఆ సైకిలు మీరు తీసుకెళ్ళండి. ఇక్కడ ఉంటే చూడలేకపోతున్నాను" అన్నారు. వరదప్పుడు ఆయన బండిని మేడమీద కొక్కేనికి తగిలించారు, కనుక చక్రాలు రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఫ్రేముకు మాత్రం రెండుచోట్ల పాత వెల్డింగు, చిమటా వంకర. నా ఫ్రేముకు ఆయన చక్రాలు, ఆయన క్యారియరు, ఆ పాత డైనమో. ఈసారి డైనమో పర్మనెంటుగా వచ్చేసింది. ఆమె కుటుంబ పెన్షను కాగితాలు కూడా నేనే తయారు చేస్తానని చెప్పి వచ్చాను.

చిమటా ఒక్కటి కావాలి. జుమ్మెరాత్ బజారులో ఒకటి దొరికింది. మెడ గొట్టం సరిగ్గా పట్టింది, మరలు కలిశాయి, ఇరుసు కూర్చుంది. ఇంకేం చూడాలి అనుకున్నాను. అది 26 × 1⅜ చక్రాల బండిదని తరువాత తెలిసింది. 635లో 590 తీసేస్తే 45, అందులో సగం 22 చిల్లర. అంటే టైరుకు పైన ఉండవలసిన చోటులో సుమారు 22 మిల్లీమీటర్లు కోత పడింది. అమ్మినవాడు ఏ బండిదో దాచలేదు, నేను అడగలేదు. ఆపైన, గుంతల రోడ్లు కదా అని బరువులు మోసేవాళ్ళు వేసుకునే మందపాటి టైరు వేశాను. దానితో ఇంకొంత చోటు పోయింది. స్టాండు మీద చక్రం తిప్పితే గిర్రున తిరిగింది. మడ్గార్డును చిమటాకు బిగించే బోల్టు తల ఉంటుంది చూడండి, లోపలివైపు, అది టైరుకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉంది. ఆనలేదు కదా, చాలు అనుకున్నాను.

లాల్ దర్వాజా బోనాలు ముగిసిన మరునాడు ఉదయం, ఆమె కాగితాల సంచి క్యారియరుకు కట్టుకుని బయలుదేరాను. దారంతా తడి, పసుపునీళ్ళు, వేపరెమ్మలు. మలుపు తిరుగుతుండగా ఒక వేపరెమ్మ టైరును పట్టుకుని పైకి వెళ్ళింది. సందు ఉన్న బండిలో అది అవతలివైపు రాలిపోయేది. నా బండిలో బోల్టు తల దగ్గర ఇరుక్కుంది. ముందు చక్రం ఒక్కసారిగా ఆగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఎడమచేతి మణికట్టు ఎముక చిట్లింది. ఆరు వారాలు పిండికట్టు. డెబ్బై దాటిన వయసులో తుంటి విరగకుండా మణికట్టుతో పోయిందంటే నా అదృష్టం. కాగితాల సంచి బురదలో పడింది, జంట ఫోటో తడిసింది. ఆమెను మళ్ళీ ఫోటో అడగవలసి వచ్చింది. మణికట్టు కంటే అదే ఎక్కువ బాధించింది.

పిండికట్టుతో ఇంట్లో కూర్చున్నప్పుడు మా గల్లీ చివర సైకిలు దుకాణం ఉస్తాద్ నన్ను చూడటానికి వచ్చాడు. నాకంటే చిన్నవాడే, అయినా అతన్ని నేను ఉస్తాద్ అనే పిలుస్తాను. బండి చూసి, వేలు మడ్గార్డులోకి పెట్టబోయి, పట్టక తీసేశాడు. "సాబ్, పహ్‌లే నాప్, బాద్ మే కామ్" అన్నాడు. ముందు కొలత, తరువాతే పని. ఇంకేమీ అనలేదు. వారం తిరగకుండా 28 అంగుళాల బండి చిమటా వెతికి తెచ్చాడు. తెచ్చేముందు పాతదాని పక్కన పెట్టి మెడ నుంచి ఇరుసు గాడి దాకా కొలిచాడు.

ఇక్కడి నుంచి మీకు పనికొచ్చే భాగం. సైకిళ్ళ భద్రతకు ఐ.ఎస్.ఓ. 4210 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. టైరుకూ ఫ్రేముకూ, టైరుకూ చిమటాకూ, ముందు మడ్గార్డుకూ దాని బోల్టులకూ మధ్య 6 మిల్లీమీటర్లకు తక్కువ సందు ఉండకూడదని అందులో ఉంది. బోల్టుల పేరు ప్రత్యేకంగా ఎందుకు ఎత్తారో నాకు ఎవరూ వివరించనక్కరలేదు. మనందరి జేబులో దీనికి కొలమానం ఒకటి ఉంది. మామూలు రాతపెన్సిలు సుమారు 7 మిల్లీమీటర్ల మందం. పెన్సిలు అన్నిచోట్లా హాయిగా దూరితే ఫైలు పాస్. ఒక్కచోట ఆగినా వెనక్కి పంపండి. మన బురద గల్లీలకైతే చిటికెనవేలు పట్టాలని ఉస్తాద్ షరతు.

చక్రం నిలిపి ఒక్కచోట చూస్తే లాభం లేదు. చిమటా కాలికి సుద్దముక్క ఆనించి పట్టుకుని చక్రాన్ని మెల్లగా తిప్పాలి. వంకర ఉన్నచోటే టైరుకు సుద్ద అంటుతుంది. ఆ వంకర తీయించి, మిగిలిన చోటల్లా ఎత్తుగా ఉన్న భాగం దగ్గరే పెన్సిలు పెట్టి చూడాలి. గాలి పూర్తిగా కొట్టాకే కొలవాలి. కొత్త టైరు గాలి కొట్టిన ఒకటి రెండు రోజులకు కొద్దిగా సాగుతుంది, కనుక మూడోరోజు మళ్ళీ చూడాలి.

అసలు పరీక్ష మనిషి ఎక్కాక. ఖాళీ బండికీ, మనిషి కూర్చున్న బండికీ తేడా ఉంటుంది. చక్రం పక్కలకు ఊగుతుంది, మడ్గార్డు అదురుతుంది. దీనికి మా ఇంట్లో చపాతీ పిండి వాడాము. మెత్తటి ముద్దను పల్చటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, మడ్గార్డు లోపల బోల్టు పక్కన అంటించి, మనవణ్ణి ఎక్కించి గల్లీలో మెల్లగా తిప్పించాను. దిగాక ముద్ద తీసి, టైరు నొక్కినచోట ఎంత మందం మిగిలిందో స్కేలుతో కొలిచాము. 11 మిల్లీమీటర్లు. మా ఆవిడ "పిండి దండగ" అంది గాని, ఆ 11 అంకె విని రెండోసారి కొలవమన్నది కూడా ఆవిడే.

వెనక చక్రం సంగతి ఎవరూ చెప్పరు, అందుకని చెబుతున్నాను. మన బండ్లలో వెనక ఇరుసు గాడిలో ముందుకూ వెనక్కూ జరుగుతుంది. చైను అరిగి సాగినకొద్దీ చక్రాన్ని వెనక్కి లాగుతాము. కొత్త చైను వేసిన రోజు చక్రం మళ్ళీ ముందుకు వస్తుంది, టైరు ఫ్రేము గొట్టానికి దగ్గరవుతుంది. నిన్నటిదాకా ఉన్న సందు ఈరోజు ఉండకపోవచ్చు. చైను మార్చిన ప్రతిసారీ అక్కడ పెన్సిలు పెట్టి చూడండి. అలాగే హ్యాండిలు పక్కకు తిప్పి, పెడలు మీద చెప్పుతో సహా కాలు పెట్టి, బొటనవేలు ముందు మడ్గార్డుకు తగులుతుందేమో చూడండి. చిమటా మారిన బండ్లలో ఇది తరచు జరుగుతుంది. నా మొదటి కూర్పులో అదీ తగిలేది, మలుపుల్లో కాలు కాస్త వెనక్కి పెట్టుకుంటే సరిపోతుందిలే అనుకున్నాను.

అన్నీ అయ్యాక మంజూరు అధికారం మా ఆవిడదని ఇంట్లో తీర్మానించారు. "ఏమండీ, ముందు నా కళ్ళెదుట పది చుట్లు" అంది. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని లెక్కపెట్టింది. మణికట్టు పట్టేసినట్లుండి ఏడో చుట్టులో దిగిపోయాను. మిగతా మూడు మరునాడు పూర్తి చేయించింది, మాఫీ చేయలేదు.

మిత్రుని భార్యకు కుటుంబ పెన్షను మంజూరైంది. ఆ ఉత్తర్వు కాపీ ఈ బండి మీదే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె గుమ్మంలోకి వచ్చి కాగితం అందుకుని, నన్ను లోపలికి రమ్మనకుండా ఆ చక్రాల వైపే కొంతసేపు చూశారు. తరువాత "గాలి కొట్టిస్తున్నారా" అని అడిగారు. కొట్టిస్తున్నానని చెప్పాను. అప్పుడు టీ ఇచ్చారు.

ఇప్పుడు దూరాలు పోవడం లేదు. నార్సింగి వైపు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు దారి ప్రారంభించారు, దానిమీద నీడకు సోలారు పలకలు కూడా ఉన్నాయి. మనవడు తీసుకెళతానంటున్నాడు గాని, మా ఉప్పుగూడ నుంచి అక్కడికి సైకిలు మీద చేరేసరికే నాకు సెలవు పెట్టవలసి వస్తుంది. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ల సమయంలో మాత్రం ఛత్రినాక, గౌలిపుర, లాల్ దర్వాజా ప్రాంతాల్లో కదలలేని మనవాళ్ళ ఇళ్ళకు ఈ బండి మీదే వెళుతున్నాను. ఆ పక్క ఎవరికైనా అవసరముంటే కార్యదర్శిగారికి పేరు ఇవ్వండి.

బండి కింద గేటు పక్కన పెట్టాను. చూడదలచినవారు భోజనాల తరువాత రండి. పెన్సిలు మీది మీరే తెచ్చుకోండి, నాది ఇప్పుడే కార్యదర్శిగారు హాజరు సంతకాలకు తీసుకున్నారు.