మైనరు బాధ్యత, బిడ్డ మనోవర్తి

భారతదేశంలో 18 ఏళ్లు నిండని ప్రతి వ్యక్తీ చట్టం దృష్టిలో మైనరే. 1875 నాటి మేజారిటీ చట్టం పెట్టిన హద్దు ఇది. కోర్టు సంరక్షకుణ్ణి నియమించిన పిల్లలకు ఆ హద్దు 21 ఏళ్లుగా ఉండేది. 1999 సవరణతో అందరికీ ఒకటే అయింది. మైనరు చేసిన పనికి ఎవరు జవాబు చెప్పాలి, మైనరును ఎవరు పోషించాలి అన్నవి మామూలుగా వేర్వేరు అధ్యాయాలు. మైనరే ఒక బిడ్డకు తండ్రో తల్లో అయినప్పుడు మాత్రం ఆ రెండూ ఒకే కేసు కట్టలోకి వచ్చి చేరతాయి.

ఒప్పందాల సంగతి తేలిక. 1872 కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. మైనరు రాసిచ్చిన ఒప్పందం మొదటినుంచీ చెల్లదని 1903లో మొహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. హైదరాబాద్ నారాయణగూడలో ఇంటర్ చదవడానికి వచ్చిన 17 ఏళ్ల కుర్రాడు అశోక్‌నగర్ హాస్టల్లో చేరి, ఏడాది ఫీజు కడతానని సంతకం పెట్టాడనుకుందాం. అతడు మధ్యలో మానేస్తే ఆ కాగితం పట్టుకుని యజమాని దావా గెలవలేడు. తిండి, వసతి జీవితావసరాలు కనుక, అప్పటిదాకా పెట్టిన దానికి మాత్రం 68వ సెక్షన్ కింద ఆ కుర్రాడి పేర ఆస్తి ఏదైనా ఉంటే అందులోంచి రాబట్టుకోవచ్చు. కుర్రాణ్ణి స్వయంగా బాకీదారును చేయడం కుదరదు. తండ్రి తన పేరిట ఒప్పందం రాసిచ్చి ఉంటే ఆయనే కట్టుబడతాడు.

నేరాల దగ్గర చట్టం వయసును మెట్లుమెట్లుగా చూస్తుంది. భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లలోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదు. ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య, చేసిన పని పర్యవసానం తెలిసేంత బుద్ధి వికసించిందా అన్నది చూడాలి. 18 నిండనివారి కేసులన్నిటికీ 2015 నాటి బాలల న్యాయ చట్టం వర్తిస్తుంది. పిల్లవాణ్ణి లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు తేవాలి. కనీసం ఏడేళ్ల శిక్ష ఉన్న ఘోర నేరమై, చేసినవాడికి 16 నిండితేనే పెద్దవాడిలా విచారించాలా అన్న ప్రశ్న పుడుతుంది. అప్పుడు కూడా ఉరిశిక్షగానీ, విడుదలకు ఆస్కారం లేని యావజ్జీవంగానీ వేయరాదు. తల్లిదండ్రుల చేత జరిమానా కట్టించే అధికారం కూడా బోర్డుకు ఉంది.

పెద్దల మీదికి బాధ్యత మళ్లడం అన్నిటికన్నా సూటిగా కనిపించేది బండ్ల విషయంలో. చిక్కడపల్లి సందుల్లో పదో తరగతి పిల్లలు ట్యూషన్‌కు స్కూటీ వేసుకుని పోవడం ఎవరికీ వింతగా తోచదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం, ఆ బండితో పిల్లవాడు నేరం చేస్తే సంరక్షకుడు లేదా బండి యజమాని దోషి అవుతాడు. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, 12 నెలలు బండి రిజిస్ట్రేషన్ రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇక్కడ బండి పెద్దల అనుమతితోనే తీశాడని కోర్టు ముందే భావిస్తుంది. తనకు తెలియకుండా తీశాడనో, ఆపడానికి చేయగలిగిందంతా చేశాననో రుజువు చేసుకోవలసిన భారం తండ్రిదే. కఠినమైన నియమమే, కానీ తాళంచెవి ఉండేది పెద్దల చేతిలోనే.

ఇక పోషణ. బిడ్డను పోషించే బాధ్యతకు మూలం పెళ్లి కాదు, జన్మ. 1973 నేర విచారణ స్మృతి 125వ సెక్షన్ సక్రమ, అక్రమ సంతానమన్న తేడా పెట్టలేదు. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కూడా పెట్టలేదు. నెలకు 500 రూపాయలు మించకూడదన్న పాత పరిమితి 2001లో పోయింది. హిందువులకు 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ ఇదే బాధ్యతను తండ్రి మీదా తల్లి మీదా ఉంచింది. ముస్లిం తల్లి విడాకులు పొందినా పిల్లల హక్కు చెక్కుచెదరదని 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

‘ఉద్యోగం లేదు’ అన్న జవాబు ఈ కేసుల్లో తరచుగా వినిపిస్తుంది. గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటూ ఏళ్ల తరబడి గదుల్లో, లైబ్రరీలో గడిపే యువకులు ఎందరో ఉన్న అశోక్‌నగర్, చిక్కడపల్లిలో ఈ మాటను సానుభూతితో వినాలి, నిజమే. కానీ ఆరోగ్యంగా ఉన్న మనిషి కూలి పని చేసైనా భార్యాబిడ్డలను పోషించాలని సుప్రీంకోర్టు 2022లో తేల్చి చెప్పింది. నోటిఫికేషన్ వచ్చేదాకా పాల డబ్బా ఆగదు.

బిడ్డను కన్నవాడే మైనరైతే? మనోవర్తి సెక్షన్‌లో ‘తగినంత స్తోమత ఉన్న వ్యక్తి’ అని మాత్రమే ఉంది, వయసు లేదు. పేరున ఆస్తో ఆదాయమో ఉన్న 17 ఏళ్ల తండ్రి, తాను మైనరునన్న ఒక్క కారణంతో తప్పించుకోలేడు. అతడి తరఫున కోర్టులో సంరక్షకుడు నిలబడాలి. అతడికి ఏమీ లేకపోతే ఈ సెక్షన్ కింద తాతను ఈడ్చలేరు. ఇక్కడే 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ఎవరూ అంతగా పట్టించుకోని ఒక మంచి పని చేసింది. బాల్యవివాహాన్ని రద్దు చేసేటప్పుడు, అబ్బాయి మైనరైతే అమ్మాయికి ఆమె మళ్లీ పెళ్లి చేసుకునేదాకా మనోవర్తి కట్టమని అతడి తల్లిదండ్రులను లేదా సంరక్షకుణ్ణి ఆదేశించే అధికారం 4వ సెక్షన్ జిల్లా కోర్టుకు ఇచ్చింది. పుట్టిన బిడ్డ ఖర్చును కూడా దంపతుల మీద లేదా వారి తల్లిదండ్రుల మీద వేయవచ్చని 5వ సెక్షన్ అంటుంది. ఆ బిడ్డ సక్రమ సంతానమేనని 6వ సెక్షన్ హామీ. ఈ చట్టంలో ‘బాలుడు’ అంటే 21 నిండనివాడు, ‘మైనరు’ అంటే 18 నిండనివాడు. కనుక 19 ఏళ్ల పెళ్లికొడుకుకు జరిగినది బాల్యవివాహమే అయినా, డబ్బు కట్టవలసింది అతడే.

మైనరు తల్లికి తన బిడ్డ మీద హక్కు పోదు. మైనరు ఇంకొక మైనరుకు సంరక్షకుడు కారాదన్న నియమం నుంచి సొంత భార్యను, బిడ్డను 1890 సంరక్షకుల చట్టం 21వ సెక్షన్ మినహాయించింది. బిడ్డ ఆస్తికి మాత్రం హిందువుల్లో మైనరు సంరక్షకులుగా ఉండడం కుదరదు. పదహారేళ్ల తల్లి పసిబిడ్డను ఒళ్లో పెట్టుకోవచ్చు, పెంచవచ్చు. బిడ్డ పేర ఉన్న స్థలాన్ని అమ్మలేదు. అమ్మాయికి 18 నిండకపోతే ఆమె సమ్మతి చట్టం ముందు చెల్లదు, కాబట్టి పిల్లలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) కింద కేసు వేరుగా నడుస్తుంది. ఆ కేసు రాజీ మాటల్లో బిడ్డ ఖర్చును మాఫీ చేసే పంచాయితీలు పెద్ద అన్యాయం. ఆ హక్కు బిడ్డది. మైనరు తరఫున కోర్టులో రాజీ పడాలంటే న్యాయమూర్తి అనుమతి ఉండి తీరాలి.

హైదరాబాద్ ప్రాంతంలో బాల్యవివాహాల సమస్యకు పాత చరిత్ర ఉంది. బాల్యవివాహాలను అరికట్టడానికి చేసిన 1929 శారదా చట్టం బ్రిటిష్ ఇండియాకే పరిమితం. నిజాం రాజ్యానికి రాలేదు. అంతకు ఏడాది ముందే, 1928లో, మాడపాటి హనుమంతరావు హైదరాబాద్‌లో తెలుగు ఆడపిల్లలకు పాఠశాల పెట్టారు. అది నారాయణగూడలో ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. అమ్మాయిని బడిలో ఉంచడమే పెళ్లిని వాయిదా వేయించే నమ్మకమైన మార్గమని నాటి సంస్కర్తలు గ్రహించారు. పని ఇంకా మిగిలే ఉంది: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20–24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది.

మనోవర్తి పిటిషన్‌ను తల్లి తాను ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు. బిడ్డ జనన ధ్రువపత్రం, బడి ఫీజు రసీదులు, మందుల చీటీలు జత చేయాలి. ఇరుపక్షాలూ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ దాఖలు చేయాలని 2020లో రజనేష్ కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించింది. మధ్యంతర మనోవర్తిని, నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. కట్టకపోతే ఒక్కో నెల బాకీకి నెల దాకా జైలు. జైలుకు వెళ్లినా బాకీ తీరదని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. వసూలుకు మాత్రం, సొమ్ము బకాయి పడిన ఏడాదిలోపే దరఖాస్తు చేయాలి.

కొడుకుకు ఈ హక్కు మామూలుగా 18తో ఆగిపోతుంది, సరిగ్గా కాలేజీ ఫీజులు మొదలయ్యే వేళకు. ఈ లోపాన్ని చట్టసభలు సరిచేయాలి. పెళ్లికాని హిందూ కూతురు, తనను తాను పోషించుకోలేని స్థితిలో ఉంటే, 1956 చట్టం కింద ఆ తర్వాత కూడా అడగవచ్చని 2020లో అభిలాష కేసు తీర్పు తెలిపింది.

మనోవర్తిని పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కగట్టాలని అదే రజనేష్ తీర్పు. వకీలు ఫీజుకు భయపడి ఆగిన ప్రతి నెలా బిడ్డ నష్టపోతుంది. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఇలాంటి తల్లి ఎవరికైనా తెలిసి ఉంటే, ఆమెను ఈ నెలలోనే న్యాయసేవాధికార సంస్థ దగ్గరికి తీసుకువెళ్లాలి.