ఘబ్రాహట్‌కు మందు ఉంది

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





నన్ను పిలిచినప్పుడు సెక్రటరీ గారు "ఆడపిల్లల చదువు గురించి మాట్లాడండి మేడమ్" అన్నారు. ఆ మాట ఇరవై ఏళ్లుగా మాట్లాడుతూనే ఉన్నాను. ఈసారి వేరే సంగతి చెబుతానంటే ఒప్పుకున్నారు. చివరికి అది ఆడపిల్లల చదువు దగ్గరికే వస్తుంది, కాస్త ఓపిక పట్టండి. నేను డాక్టర్ని కాను. బి.ఎడ్. చేసిన హైస్కూల్ టీచర్ని. జీవశాస్త్రం చెబుతాను కాబట్టి శరీరం గురించి కొంత తెలుసు. మిగతాది నా ఒంటి మీదే నేర్చుకున్నాను.

ఏడేళ్ల కిందట ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్ క్యాంపులో కూర్చుని పదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుంది. అరచేతులు చల్లబడ్డాయి, వేళ్లు తిమ్మిరెక్కాయి, ఊపిరి అందలేదు. ఇక అయిపోయింది, కలిమా చదువుకోవాలి అనుకున్నాను. తోటి టీచర్లు ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఈసీజీ తీసి "బాగానే ఉందమ్మా" అన్నారు. అరగంటలో అంతా తగ్గిపోయింది. అందరినీ హడావిడి పెట్టినందుకు సిగ్గేసింది.

తర్వాత మూడు నెలల్లో అది ఐదుసార్లు వచ్చింది. ముగ్గురు డాక్టర్లు చూశారు. ఈసీజీలు, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష, అన్నీ నార్మల్. నార్మల్ అన్నప్పుడల్లా ఇంట్లోవాళ్లు సంతోషించారు. నాకు మాత్రం ఇంత చదివినవాళ్లకే దొరకని జబ్బేదో ఉందని భయం పెరిగింది. అమ్మీ నజర్ తగిలిందని ఎండు మిరపకాయలతో దిష్టి తీసింది. పెద్దాపా ఒక ఆమిల్ దగ్గర తావీజు తెచ్చి చేతికి కట్టింది. వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకు తెలిసిన వైద్యం అది, ప్రేమతో చేశారు. నేనైతే బస్సెక్కడం మానేశాను. బజారుకు వెళ్లడం మానేశాను. జుమా నాడు ఇంటి ముందు జనం కనిపిస్తే తలుపు వేసుకునేదాన్ని. క్లాసులో మాత్రం ఎవరికీ అనుమానం రాకుండా పాఠం చెప్పేదాన్ని.

దీని పేరు పానిక్ డిజార్డర్ అని ఏడాది తర్వాత తెలిసింది. మన ఇళ్లలో ఘబ్రాహట్ అంటాం, తెలుగులో గాబరా, ఆందోళన అంటాం. పరీక్ష ముందు అందరికీ ఉండే కంగారు జబ్బు కాదు. అది ఉండాలి కూడా. నా పిల్లలకు నేనిలా చెబుతాను. పబ్లిక్ పరీక్షలప్పుడు స్క్వాడ్ వచ్చిందని కబురు అందగానే హెడ్మాస్టర్ దగ్గర్నుంచి అటెండర్ దాకా అందరి గుండె కొట్టుకుంటుంది, అందరూ లేచి నిలబడతారు. స్క్వాడ్ జీపు వెళ్లిపోగానే సర్దుకుంటారు. కొందరి ఒంట్లో మాత్రం గేటు దగ్గర ఏ జీపూ లేకుండానే రోజూ ఆ కబురు వస్తుంది. మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే భాగం చీటికీ మాటికీ కేక వేస్తుంది. అడ్రినలిన్ పారుతుంది, గుండె, ఊపిరి, కడుపు అన్నీ పరిగెత్తడానికి సిద్ధమవుతాయి. పరిగెత్తాల్సిన పని ఉండదు. కాబట్టి ఆ దడ నటన కాదు, ఊహ కాదు. ఒంట్లో నిజంగా జరుగుతుంది.

ఇది రకరకాలుగా వస్తుంది. నాలాగా ఉన్నట్టుండి విరుచుకుపడేది ఒకటి. నెలల తరబడి పిల్లల గురించి, అప్పుల గురించి, అన్నిటి గురించీ ఆగని చింత, దానితో మెడ నొప్పి, నిద్రలేమి ఇంకొకటి. నలుగురి ముందు నోరు పెగలకపోవడం మరొకటి. మన పెద్దలు వస్వసా అనేది, వుజూ సరిగా అయిందో లేదో అని అరగంట సేపు కుళాయి దగ్గరే ఉండిపోవడం, దీనికి దగ్గరి చుట్టమే. దానికీ చికిత్స ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ఆందోళన జబ్బులున్నవాళ్లు ప్రపంచంలో 30 కోట్లకు పైనే. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. చికిత్స అందేది సుమారు నలుగురిలో ఒకరికి.

ఇప్పుడు మందుల సంగతి. నేను చేసిన తప్పు ముందు చెబుతాను.

ఒక మందుల షాపులో నిద్ర పట్టట్లేదని చెబితే, చీటీ అడగకుండా ఒక చిన్న మాత్ర ఇచ్చారు. వేసుకున్న అరగంటలో నా గుండె మీద ఎవరో చెయ్యి వేసినట్టు శాంతించింది. ఇంత చిన్న మాత్రతో పోయేదానికా ఇన్ని పరీక్షలు అనుకున్నాను. అది అల్ప్రాజోలం. మొదట సగం, తర్వాత ఒకటి, ఎనిమిది నెలలు తిరిగేసరికి రోజుకు మూడు. ఆ ఏడు రంజాన్ నెలవంక కనిపించిన రాత్రి, ఇది నషాలా ఉంది, రోజాలో ఉండి దీన్ని మింగకూడదు అని ఒక్కసారిగా మానేశాను. రెండు రాత్రులు కన్ను మూయలేదు. చేతులు వణికాయి, వెలుతురు చూడలేకపోయాను, పాత దడ రెండింతలై వచ్చింది. అలా మానేస్తే ఫిట్స్ రావచ్చని, ప్రాణం మీదికి కూడా వస్తుందని మూడో రోజు కలిసిన మానసిక వైద్యురాలు చెప్పారు. ఆమె నన్ను తిట్టలేదు. మళ్లీ మొదలుపెట్టించి, కొంచెం కొంచెంగా తగ్గిస్తూ నాలుగు నెలల్లో మాన్పించారు.

మనవైపు కల్తీ కల్లులో కలుపుతున్నారని పట్టుకునేది ఈ అల్ప్రాజోలమే. 2015లో ఆ కల్లు దొరక్కపోయేసరికి చేతులు వణుకుతూ, ఫిట్స్‌తో జనం ఆస్పత్రులకు రావడం మనం చూశాం. కల్లు దుకాణం వైపు కన్నెత్తి చూడనివాళ్లం, అదే పదార్థాన్ని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకు తిరుగుతున్నాం. 2014 నుంచి ఇది షెడ్యూల్ హెచ్1లో ఉంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, షాపువాళ్లు రిజిస్టర్‌లో రాయాలి. క్లోనజిపామ్, లోరాజిపామ్, డయాజిపామ్ అన్నీ ఈ కుటుంబంవే. ఇవి చెడ్డ మందులు కావు. డాక్టరు చెప్పినట్టు కొన్ని రోజులు, మహా అయితే రెండు నుంచి నాలుగు వారాలు వాడితే ఎంతో ఉపకారం. నెలల తరబడి వాడితే ఒళ్లు అలవాటు పడి ఇంకా ఇంకా అడుగుతుంది. పెద్దవయసువాళ్లు తూలి పడి తుంటి విరగ్గొట్టుకుంటారు.

అసలు చికిత్స రెండో రకం మందు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, పారాక్సిటిన్ వంటివి. మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం మీద పనిచేస్తాయి. వీటితో వచ్చిన చిక్కల్లా, ఇవి నెమ్మది. ఫలితం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు, మొదటి పది రోజులు వికారం, తలనొప్పి, ఒక్కోసారి గాబరా ఇంకాస్త పెరగడం. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. మనవాళ్లలో ఎక్కువమంది సరిగ్గా ఆ పదో రోజే మానేసి "ఆ డాక్టరు మందు పడలేదు" అంటారు. నేనూ మానేసేదాన్నే. "టీచరమ్మా, పిల్లవాడు బళ్లో చేరిన పది రోజులకే చదవడం రాలేదని టీసీ ఇస్తారా?" అని ఆవిడ అడిగారు. ఆరో వారంలో ఒకరోజు బస్సు దిగాక గుర్తొచ్చింది, దారంతా నాకు దడ సంగతే గుర్తు రాలేదని.

బాగైన తర్వాత కూడా ఆరు నెలల నుంచి ఏడాది వరకు వాడమంటారు. మధ్యలో ఆపితే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. ఆపేటప్పుడు కూడా మెల్లగా తగ్గించాలి. మొదట్లో పాతికేళ్లలోపు వాళ్లను ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. కొద్దిమందిలో చనిపోవాలన్న ఆలోచనలు రావచ్చు, వస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. భార్యాభర్తల మధ్య కూడా ఈ మందుల వల్ల కొంత ఇబ్బంది రావచ్చు. సిగ్గుపడి ఎవరూ చెప్పరు, చెప్పకుండా మందు మానేస్తారు. చెబితే డాక్టరు మోతాదో, మందో మారుస్తారు. గర్భం వచ్చినా సొంతంగా ఆపకూడదు, ముందు అడగాలి. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే దడ వస్తుంది కాబట్టి మొదట రక్తపరీక్ష చేస్తారు. రోజుకు ఎనిమిది చాయ్‌లు తాగేవాళ్లు ముందు వాటి లెక్క డాక్టరుకు చెప్పాలి. నాకు ఆరు తగ్గించారు, అది మాత్రల కంటే కష్టమైంది.

మందు లేకుండా మాటలతో చేసే చికిత్స, సీబీటీ, కూడా దీనికి దీటుగా పనిచేస్తుంది. అది వచ్చినవాళ్లు మన జిల్లాల్లో ఎంతమంది ఉన్నారు? దొరికినవాళ్లు అదృష్టవంతులు. దొరకనివాళ్లకు మందు ఉంది.

మందులో నషా ఉందా అని మనవాళ్లు అడుగుతారు. మసాలా ముఫ్తీ సాబ్‌ను అడగండి. నేను చెప్పగలిగింది వైద్యం సంగతి. ఈ రెండో రకం మందు మత్తెక్కించదు. ఇంకా కావాలని ఒళ్లు అడగదు. ఈమాన్ తక్కువైతే ఈ జబ్బు వస్తుందా అనీ అడుగుతారు. తహజ్జుద్ వదలని మా మామయ్యకు షుగర్ వచ్చింది, ఆయన్నెవరూ అలా అడగలేదు. వైద్యం చేయించుకోమని ప్రవక్త (స) చెప్పిన సంగతి మీకు నేను గుర్తు చేయక్కర్లేదు. బల్ఖ్ నగరానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ 934లో కన్నుమూశారు. ఆయన శరీరానికీ మనసుకూ కలిపి ఒకే ఆరోగ్య గ్రంథం రాసి, అందులో భయానికి, దుఃఖానికి, వస్వసాకు విడివిడిగా అధ్యాయాలు పెట్టారు. వెయ్యేళ్ల కిందట మన ఆలిములు దాచుకోని జబ్బును మనం దాచుకుంటున్నాం. దువా చేయండి, జిక్ర్ చేయండి, నేనూ చేస్తాను. మాత్ర కూడా వేసుకోండి. రంజాన్‌లో రోజుకు ఒకసారి వేసుకునే మందును సహ్రీకో ఇఫ్తార్ తర్వాతకో మార్చుకోవచ్చు. అది షాబాన్ నెలలోనే డాక్టరును అడిగి పెట్టుకోవాలి. నాలా నెలవంక చూసిన రాత్రి నిర్ణయించకూడదు.

ఇక దాతలతో నా అసలు మాట. పేరూ ఊరూ చెప్పను. మా బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వారానికి మూడు రోజులు రాకపోయేది. ఇంటికెళ్లి చూస్తే తల్లి బీడీలు చుడుతుంది. బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు ఒంటరిగా వెళ్లలేదు, దారిలో దడ వచ్చి కూలబడుతుంది. రేషన్‌కు, దవాఖానాకు, ఎక్కడికైనా కూతురు వెంట ఉండాలి. చదువు తల్లి జబ్బుకు ఖర్చయిపోతోంది. సర్కారు ఆస్పత్రి మానసిక విభాగానికి నేనే తీసుకెళ్లాను. రెండు నెలల్లో ఆమె ఒంటరిగా కార్ఖానాకు వెళ్లి వచ్చింది, పిల్ల బడికొచ్చింది. మూడో నెలలో వెళితే ఆ మందు స్టాకు లేదన్నారు. పదిహేను రోజుల తర్వాత మళ్లీ లేదన్నారు. బస్సు ఛార్జీలు దండగని ఆమె వెళ్లడం మానేసింది. నెల తిరిగేసరికి పిల్ల మళ్లీ బడి మానేసింది. స్టాఫ్ రూములో మేం నలుగురం వేసుకుని మందు కొనిస్తే, ఏడాది కోర్సు పూర్తయింది. ఆ మందుకు నెలకు అయింది మూడు వందలలోపే. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం.

మన సొసైటీ వైద్య సహాయం ఆపరేషన్లకు, డయాలసిస్‌కు, ప్రమాదాలకు ఇస్తుంది. ఒక్కసారి చెక్కు రాసి ఇస్తాం. అది పెద్ద పుణ్యమే. ఈ జబ్బు పెద్ద చెక్కు అడగదు. నెలనెలా చిన్న మొత్తం, ఏడాదిపాటు ఆగకుండా అడుగుతుంది. మధ్యలో ఒక్క నెల తప్పితే ముందు ఇచ్చిందంతా వృథా. అందుకని ఒక చిన్న నిధి విడిగా పెట్టమని కోరుతున్నాను. ఆస్పత్రిలో మందు ఉన్నప్పుడు అక్కడే తీసుకుంటారు. లేని నెల మనం కొనిస్తాం, జన ఔషధి కేంద్రంలో ఇంకా తక్కువకే వస్తుంది. వచ్చిపోయే బస్సు ఛార్జీ ఇస్తాం. డాక్టరు చీటీ చూపిస్తేనే ఇస్తాం, ఎవరి చేతికీ మన అంతట మనం మాత్రలు ఇవ్వం. మరొక విన్నపం. సహాయం అందుకున్నవాళ్ల ఫోటోలు ఏటా ఈ సావనీర్‌లో వేస్తాం. ఈ నిధి కింద సహాయం పొందినవాళ్ల ఫోటో, పేరు, మహల్లా ఏదీ వేయకండి. వేస్తే రెండో నెల ఎవరూ రారు. పెళ్లి కావాల్సిన ఆడపిల్లలైతే మొదటి నెలే రారు.

ఎక్కడికి వెళ్లాలో తెలియనివాళ్లు 14416కు ఫోన్ చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలి మానస్ ఇది. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా పలుకుతారు.

భోజనాల తర్వాత నేను వెనుక వరుసలో, లైబ్రరీ బల్ల దగ్గర ఉంటాను. అడగాలనుకున్నవాళ్లు రండి. "మాకు కాదు మేడమ్, తెలిసినవాళ్లకు" అని మొదలుపెట్టినా ఫర్వాలేదు. ఆ డాక్టరమ్మ దగ్గర నేనూ అలాగే మొదలుపెట్టాను.