పురుగుమందుల చట్టము – పల్లెలో దాని పరిధి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



పురుగుమందు అను మాటలోని ‘మందు’ అను పదము జనులను కొంత మోసగించుచున్నది. మందనగా రోగమును మాన్పునది అని పల్లెవారి భావము. కాని ఆ డబ్బాలో నున్నది విషము. పురుగునకు విషమైనది మనుష్యునకును, పశువునకును, తేనెటీగకును గూడ ఏదో ఒక మోతాదున విషమే యగును. అట్టి వస్తువును అంగడిలో నమ్ముటకు రాజ్యము అనుమతించునప్పుడు, దానివలన ప్రజలకు ప్రాణహాని కలుగకుండ చూచు బాధ్యతయు రాజ్యముదే. ఆ బాధ్యతను నెరవేర్చుటకై భారతదేశమున ఒక చట్టము కలదు. ఆ చట్టము ఎట్లు పుట్టినది, ఎంతదూరము నడచినది, ఎచ్చట ఆగినది, అది ఆగినచోట పల్లెవారు చేయవలసిన దేమి – ఇవియే ఈ ప్రసంగమునకు వస్తువులు.

శింగనమల ప్రాంతమున ఈ విషయమునకు ప్రత్యేకమైన ప్రాముఖ్యము కలదు. అనంతపురము జిల్లాలో సాలీనా కురియు వర్షము సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఊరికి పెద్ద చెరువున్నను మెట్టచేలకు ఆధారము ఆకాశమే. ఎఱ్ఱనేలలో వేరుశనగ వేసిన రైతు మొదట వానకెదురు చూచును; వాన వచ్చిన వెనుక పురుగునకు భయపడును. విత్తనములకు, కూలికి అప్పుచేసి పెట్టిన పంటపై గొంగళిపురుగు కనబడిన నాడు అతడు అంగడికి పరుగెత్తును. ఏ మందు, ఎంత, ఎప్పుడు అని విచారించుటకు తీరిక యుండదు. అంగడివాడిచ్చినదే మందు, అతడు చెప్పినదే మోతాదు. చట్టము పనిచేయవలసినది సరిగా ఆ ఘడియయందే.

ఈ చట్టమునకు మూలము ఒక ఘోరవిపత్తు. 1958లో బొంబాయి నుండి కేరళకు పోవు ఓడలో గోధుమపిండి మొదలగు ఆహారపదార్థములతో పాటు పారాథియాను అను పురుగుమందును గూడ ఎక్కించిరి. దారిలో మందు కారి ఆహారములో కలిసినది. ఆ ఆహారము తిని నూరుమందికి పైగా మరణించిరి. ఈ ఉదంతమును విచారించుటకు జస్టిస్ జె. సి. షా అధ్యక్షతన సంఘమును నియమించిరి. విషమును తయారుచేయువాడెవడు, మోయువాడెవడు, అమ్మువాడెవడు అని అడుగు శాసనము దేశమున లేదని అప్పుడు తేటపడినది. పది సంవత్సరములకు, 1968లో, పార్లమెంటు పురుగుమందుల చట్టమును చేసెను. అది 1971లో నియమావళితో గూడ అమలులోనికి వచ్చినది.

ఆ చట్టపు నిర్మాణము ఇట్లుండును. సలహా నిచ్చుటకు కేంద్ర పురుగుమందుల మండలి కలదు. ప్రతి మందును పరీక్షించి, అది పనిచేయునని, నిర్దేశించిన విధమున వాడినచో ప్రమాదము లేదని తోచిననే నమోదు చేయుటకు రిజిస్ట్రేషను కమిటీ కలదు. నమోదు కాని మందును తయారుచేయుటకు గాని దిగుమతి చేయుటకు గాని వీలులేదు. తయారీకిని, అమ్మకమునకును రాష్ట్ర ప్రభుత్వపు అధికారి వద్ద లైసెన్సు పొందవలెను. ఇన్స్పెక్టరు అంగడిలో ప్రవేశించి మందు నమూనా తీసి, దానిని మూడు భాగములుగా చేసి ముద్రవేయును. ఒక భాగము పరీక్షకు పోవును. నకిలీదని గాని నాసిదని గాని తేలినచో అమ్మినవానిపైనను, తయారుచేసినవానిపైనను నేరము మోపవచ్చును.

ఇక రాష్ట్ర ప్రభుత్వమునకు గల అధికారము స్వల్పము. ఒక మందు వలన జనులకు ప్రమాదము కలుగుచున్నదని తోచినచో, విచారణ జరుగునంతవరకు 60 దినములు దాని అమ్మకమును నిలుపవచ్చును. అవసరమైనచో మరి 30 దినములు పొడిగింపవచ్చును. శాశ్వతముగా నిషేధించు అధికారము కేంద్రమునకే కలదు. 2017లో మహారాష్ట్రమందలి యవత్మాల్ జిల్లాలో ప్రత్తిచేలకు మందు చల్లుచు 20 మందికి పైగా రైతులు, కూలీలు మరణించినప్పుడు అచ్చటి ప్రభుత్వము ఈ అధికారముననే కొన్ని మందుల అమ్మకమును 60 దినములపాటు ఆపెను. ప్రాణములు పోయిన పిమ్మట వచ్చిన ఉత్తరువు అది.

నిషేధములు మెల్లగా వచ్చుచున్నవను మాట సత్యము. వ్యవసాయమున డి.డి.టి. వాడకమును 1989లో ఆపిరి. ఒకప్పుడు రైతులు బస్తాలకొలది చల్లిన బి.హెచ్.సి. పొడి 1997లో నిషేధింపబడినది. కేరళమందలి కాసరగోడు జిల్లాలో జీడిమామిడి తోటలపై హెలికాప్టర్లనుండి చల్లిన ఎండోసల్ఫానును సుప్రీంకోర్టు 2011 మే 13వ తేదీన దేశమంతట ఆపివేసెను. 2018 ఆగస్టులో కేంద్రము 18 మందులను నిషేధించినది. వానిలో 12 వెంటనే, తక్కిన 6 మందులు 2020 డిసెంబరు 31 నుండి నిలిచిపోయినవి. ఆ పండ్రెండింటిలో మిథైల్ పారాథియాను ఒకటి. అది 1958లో ప్రాణములు తీసిన పారాథియానుకు దగ్గరి బంధువు. ఆ విపత్తునకును ఈ నిషేధమునకును నడుమ 60 సంవత్సరములు గడచినవి.

నిషేధము వలన ఫలమేమి అని సందేహించువారికి సింహళద్వీపము ఉదాహరణము. అచ్చట 1995లో మిక్కిలి విషపూరితములైన కొన్ని మందులను నిషేధించిరి. పది సంవత్సరములలో ఆ దేశమున ఆత్మహత్యా మరణముల సంఖ్య సుమారు సగమునకు తగ్గెను. పంటల దిగుబడి తగ్గిన జాడ కనబడలేదు. దుఃఖము వచ్చిన ఘడియలో చేతికందు దూరమున విషము లేనిచో, ఆ ఘడియ గడచిపోవును, మనిషి మిగులును. కరవు సీమలోని కుటుంబములకు ఇంతకంటె విలువైన మాట వేరొకటి లేదు. మందును ఇంట నుంచక, తాళము వేసిన పెట్టెలో వేరుచోట దాచుమనుటకు ఇదియు నొక కారణము.

ఇంతవరకు చట్టము నడచిన దారి. అది ఆగినచోటు ఇప్పుడు చూడవలెను. చట్టములోని 38వ సెక్షను ప్రకారము, ఒక వ్యక్తి తన ఇంటి అవసరమునకు గాని, పెరటి తోటకు గాని, తాను సాగుచేయు భూమిలో గాని పురుగుమందును వాడుకొనుటకు ఈ చట్టము వర్తించదు. రైతును పోలీసులకు, కోర్టులకు అప్పగించరాదను దయతో చేసిన మినహాయింపు అది కావచ్చును. కాని దాని ఫలితమేమి? కార్ఖానాలో అడుగు చట్టము, అంగడిలో అడుగు చట్టము, పొలముగట్టు వద్ద ఆగిపోవుచున్నది. మందు చల్లువారికి తగిన దుస్తులు, చేతితొడుగులు, ముఖమునకు రక్షణ యుండవలెనని నియమావళి చెప్పుచున్నది. కాని చేలో ఆ నియమమును అడుగువాడు లేడు. చొక్కా లేకుండ స్ప్రేయరు మోయు కూలివాడును, డ్రమ్ములో నీరుపోసి ఇచ్చు స్త్రీయు, మందు చల్లిన మరునాడే కలుపుతీయుటకు దిగు కూలిజనమును చట్టపు కన్నునకు దూరముగా నున్నారు.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1985లో పురుగుమందుల విషయమై ఒక ప్రవర్తనా నియమావళిని ఆమోదించినది. వేడిదేశములలో చిన్నరైతులును, కూలీలును ధరింపలేనంత కష్టమైన, ఖరీదైన రక్షణ దుస్తులు కావలసిన మందులను అచ్చట వాడకుండుటయే మేలని అందలి హితవు. శింగనమల ఎండలో రబ్బరు తొడుగులతో జాముసేపు పనిచేయుట ఎట్టిదో పొలమున నిలిచినవారికే తెలియును. కావున ఒక మందును వాడవలెనా మానవలెనా అను ప్రశ్నకు, ఆ మందునకు కావలసిన తొడుగు ఇంట నున్నదా అనునదే మొదటి పరీక్ష.

చట్టము రైతుచేతికి ఇచ్చిన సాధనము ఒకటి కలదు: డబ్బాపై నుండు లేబిలు. దానిపై వజ్రాకారముగ నొక గుర్తు ఉండును. క్రిందిభాగపు రంగు విషముయొక్క తీవ్రతను తెలుపును. ఎరుపు అత్యంత విషము, పసుపు ఎక్కువ విషము, నీలము మధ్యస్థము, ఆకుపచ్చ స్వల్పము. ఎరుపు గుర్తుపై కపాలమును, ఎముకలును ఉండును. ఇచ్చట రెండు భ్రమలు తొలగవలెను. ఎరుపు గుర్తుగల మందు పురుగును ఎక్కువగా చంపునని పలువురు తలంతురు. ఆ రంగు మనిషికి గల ప్రమాదమును చెప్పునే గాని, పురుగుపై పనితనమును చెప్పదు. ఆకుపచ్చ గుర్తును చూచి నీళ్లవంటిదని భావించుటయు తప్పే, అదియు విషమే. లేబిలుతోపాటు వచ్చు కాగితమున ఏ పంటకు, ఎంత మోతాదు, చల్లిన ఎన్ని దినములకు పంట కోయవచ్చును, విషమెక్కిన లక్షణము లేవి, విరుగుడేది అను సంగతు లుండును. వేరుశనగ కట్టెను పశువులకు మేపు సీమలో ఆ దినముల లెక్క పాలు త్రాగు బిడ్డలవరకు పోవును.

లేబిలును చదువకుండుట యెంత ప్రమాదమో, డబ్బాను దాచుకొనుటయు అంత ప్రమాదమే. 2013 జులై 16న బీహారు రాష్ట్రము, సారణ్ జిల్లా, గండామన్ గ్రామపు పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాసు అను పురుగుమందు కలిసియున్నట్లు పరీక్షలో తేలినది. ఖాళీ డబ్బా కడిగిన శుభ్రమగునని తలంచు ప్రతి ఇల్లును ఈ సంగతి నెరుగవలెను. ఖాళీ డబ్బాకు రంధ్రములు చేసి, నలుగగొట్టి, నీటికి దూరముగా పారవేయుటయే విధి. చెరువునందు గాని, బావివద్ద గాని స్ప్రేయరును కడుగరాదు.

విషమెక్కినవానికి నోట చొంగ, చెమట, వాంతి, కనుపాప కుదించుట, కండరముల వణుకు కనబడును. అట్టివానిని వెంటనే గాలికి తెచ్చి, తడిసిన బట్టలు తీసి, సబ్బుతో ఒళ్లు కడిగి, 108కి ఫోను చేయవలెను. లేబిలును గాని డబ్బాను గాని ఆసుపత్రికి వెంట గొనిపోవలెను. ఏ మందో తెలిసిననే వైద్యుడు విరుగుడును త్వరగా నిర్ణయింపగలడు. పాలో, చింతపండు నీరో పోసి ఆలస్యము చేయుట ప్రాణమునకు మోసము.

అన్నింటికంటె మేలైన రక్షణ, అక్కరలేనిచోట చల్లకుండుట. 2000 సంవత్సరమున అనంతపురము జిల్లాలో వేరుశనగకు కాండము కుళ్లు వైరసు సోకి సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లలో పంట దెబ్బతినెను. నష్టము 300 కోట్ల రూపాయలకు మించెను. ఆ వైరసు వయ్యారిభామ అను కలుపుమొక్క పుప్పొడితోను, తామరపురుగుల వలనను వ్యాపించునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. సోకిన మొక్కను ఏ డబ్బాయు బ్రతికింపలేదు. గట్లపై వయ్యారిభామను పూతకు ముందే పెరికివేయుట, చేనిచుట్టు జొన్న సాళ్లు వేయుట దానికి మందు. ఎఱ్ఱగొంగళి విషయమును అట్టిదే. వేసవి దుక్కితో నేలలోని గూళ్లు పైకివచ్చి పక్షుల పాలగును. తొలివానకు రెక్కల పురుగులు లేచిన రాత్రులలో ఊరంతయు గట్లపై మంటలు వేసినచో అవి మంటలో పడును. ఒక్కడు వేసిన మంట చాలదు. అది ఊరి పని.

ఊరంతయు ఒకటైన ఉదాహరణము తెలుగుదేశముననే కలదు. ఖమ్మము జిల్లాలో నుండిన పునుకుల గ్రామము, వేపగింజల కషాయము మొదలగు పద్ధతులతో ప్రత్తి సాగుచేసి, 2004లో తాను పురుగుమందులు లేని గ్రామమని ప్రకటించుకొన్నది. ఏ ఇన్స్పెక్టరును ఆ ఊరిని నిర్బంధింపలేదు. చట్టము ఆగిన గట్టును గ్రామమే దాటినది.

ఆ గట్టుమీద నిలువదగిన సంస్థ గ్రంథాలయము. దానికి లైసెన్సు అక్కరలేదు, ఖర్చును స్వల్పము. నిషేధింపబడిన మందుల పట్టికను గోడపై తెలుగున వ్రాయించి, ఏటేట సరిదిద్దవలెను. తొలకరికి ముందొక సాయంకాలము ఊరి అంగళ్లలో అమ్ము మందుల లేబిళ్లను చదువరులు గట్టిగా చదివి వినిపింపవలెను. ఆ సభకు కూలి స్త్రీలను పిలువవలెను. మందు కొన్న ప్రతివాడును బిల్లు అడుగునట్లు చేయవలెను. బిల్లు లేనివాడు మోసపోయినను న్యాయస్థానమున నోరు విప్పలేడు. విత్తనముల విషయమున ఆంధ్రప్రదేశ్ రైతులు పోరాడగా, రైతుకూడ వినియోగదారుడే యని సుప్రీంకోర్టు 2012లో తీర్పు చెప్పినది; ఆ హక్కును నిలిపికొనుటకు కాగితము కావలెను. విషమెక్కిన ప్రతి ఉదంతమును పుస్తకమున వ్రాసి వ్యవసాయాధికారికిని, వైద్యాధికారికిని తెలుపవలెను. ఊళ్లనుండి లెక్క పోనిచో రాజధానిలో ఏ మందు ఎందరిని బాధించినదో ఎవరికిని తెలియదు. తెలియనిచో నిషేధము రాదు.

చట్టమును చదివి వినిపించు గ్రామమున కూలివాని ఊపిరికి కాపలా యుండును. పుస్తకముల బీరువా ప్రక్కన ఆ గోడపట్టిక వెలసిన నాడు, ఈ రజతోత్సవపు ఫలము పొలములకు గూడ చేరినట్లగును.