అనుమానం దాడికి అనుమతి కాదు

సర్వ స్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన పంపిన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సఅసం) పైన, వారి కుటుంబీకుల పైన, సహచరులందరి పైన శాంతీ శుభాలు కురియుగాక!

గౌరవనీయులైన పెద్దలారా, ధార్మిక సోదరులారా! అందరికంటే ముందు మాకు మేము, ఆ తరువాత మీకు, దైవభీతిని గుర్తు చేస్తున్నాము. మాట పలికేటప్పుడు, తీర్పు చెప్పేటప్పుడు, కోపం వచ్చినప్పుడు అల్లాహ్ చూస్తున్నాడన్న స్పృహ కలిగి ఉండటమే తఖ్వా.

ఇటీవల ఆత్మకూరులో ఇషా నమాజు ముగిసిన పిదప కొందరు యువకులు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. "హజ్రత్! ప్రతి దేశమూ ఆత్మరక్షణ కోసమే యుద్ధం చేస్తున్నామంటుంది. దాడి చేసినవాడూ అదే అంటాడు, దాడికి గురైనవాడూ అదే అంటాడు. మరి ఆత్మరక్షణ అంటే ఏమిటి? దానికి హద్దు ఉందా, లేదా?" అన్నారు. ఇది తేలికగా దాటవేయదగిన ప్రశ్న కాదు. నేటి ఖుత్బా దానికి సమాధానమే.

సమాధానం వెదకడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. ఉదయగిరి కొండకేసి చూస్తే చాలు. ఆ దుర్గం గజపతుల చేతిలో ఉండేది. 1514లో శ్రీకృష్ణదేవరాయల వశమైంది. తరువాత గోల్కొండ ఏలుబడిలోకి వచ్చింది. ఆర్కాటు నవాబుల కాలంలో జాగీరుగా మారింది. చివరకు ఈస్టిండియా కంపెనీ నీడలోకి వచ్చింది. 1838లో ఈ ఉదయగిరి జాగీర్దారుపై ఒక అభియోగం వచ్చింది. ఆయన కర్నూలు నవాబుతో కలిసి కంపెనీ ప్రభుత్వాన్ని కూలద్రోయడానికి కుట్ర పన్నాడన్నది దాని సారాంశం. జాగీరు జప్తయింది. జాగీర్దారును చెంగల్పట్టుకు పంపివేశారు.

కర్నూలులో జరిగినది ఇంకా పెద్దది. అక్కడి నవాబు గులాం రసూల్ ఖాన్ కంపెనీకి కప్పం కట్టే పాలకుడు. ఆయన పెద్ద ఎత్తున ఆయుధాలు పోగుచేస్తున్నాడన్న వార్త కంపెనీకి చేరింది. 1839లో కంపెనీ సైన్యం కర్నూలుకు వచ్చి కోటను సోదా చేసింది. దాచి ఉంచిన ఫిరంగులు, మందుగుండు బయటపడ్డాయి. నవాబు సమీపంలోని జోహరాపురానికి తరలిపోయారు. ఆ అక్టోబరులో అక్కడ పోరాటం జరిగి, నవాబు పట్టుబడ్డారు. రాజ్యం కంపెనీ పరమైంది. తిరుచిరాపల్లిలో బందీగా ఉండగా 1840లో ఆయన హత్యకు గురయ్యారు.

సోదరులారా! ఇక్కడ న్యాయంగా ఆలోచించాలి. ఆయుధాలు దొరికిన మాట నిజం. చేసుకున్న ఒప్పందానికి విరుద్ధంగా రహస్యంగా ఆయుధాలు కూడబెట్టి ఉంటే అది తప్పే. నవాబు ముస్లిం అయినంత మాత్రాన ఆ తప్పు ఒప్పు కాదు. కానీ, కర్నూలు నుండి కంపెనీ మీదికి అప్పటికి ఒక్క గుండు కూడా పేలలేదు. జరగబోతుందని భావించిన దాడికి శిక్షగా ఒక రాజ్యమే అంతరించింది. అభియోగం మోపినవాడు, సోదా చేసినవాడు, తీర్పు చెప్పినవాడు, రాజ్యాన్ని స్వాధీనం చేసుకున్నవాడు ఒక్కడే. దీనిని ఆత్మరక్షణ అనగలమా?

విచిత్రమేమంటే సరిగ్గా ఆ సంవత్సరాలలోనే ఈ ప్రశ్న ప్రపంచానికి మరొక చోట ఎదురయింది. అప్పుడు కెనడా బ్రిటిష్‌వారి పాలనలో ఉండేది. అక్కడి తిరుగుబాటుదారులకు కరోలిన్ అనే అమెరికా పడవ సరుకులు చేరవేస్తుండేది. 1837 డిసెంబరు 29 రాత్రి బ్రిటిష్ దళం నయాగరా నదిని దాటి, అమెరికా ఒడ్డున కట్టి ఉన్న ఆ పడవకు నిప్పు పెట్టింది. ఇది ఆత్మరక్షణేనని బ్రిటన్ వాదించింది. 1841లో అమెరికా విదేశాంగ మంత్రి డేనియల్ వెబ్‌స్టర్ దానికి ఒక కొలత పెట్టాడు. ప్రమాదం అప్పటికప్పుడు ముంచుకొచ్చినదై ఉండాలి, వేరొక మార్గం మిగలకూడదు, ఆలోచించుకునే వ్యవధి కూడా ఉండకూడదు, చేసిన ప్రతిచర్య అవసరాన్ని మించకూడదు అన్నది ఆ కొలత. 1842లో బ్రిటన్ ప్రతినిధి ఆ కొలతను కాదనలేదు. వెంటనే సంజాయిషీ చెప్పుకోనందుకు విచారం కూడా తెలిపాడు.

గమనించండి! బలమైన అమెరికా ఎదుట బ్రిటన్ ఒప్పుకున్న కొలతను కర్నూలు ఎదుట, ఉదయగిరి ఎదుట ఎవరూ పెట్టలేదు. బలవంతునికొక తూకం, బలహీనునికొక తూకం. తూకంలో మోసం చేసేవారికి వినాశం తప్పదని సూరె ముతఫ్ఫిఫీన్ హెచ్చరిస్తున్నది. ఆ హెచ్చరిక అంగడిలోని తక్కెడకే కాదు, రాజ్యాల తక్కెడకు కూడా వర్తిస్తుందని మేము భావిస్తాము.

రెండు ప్రపంచ యుద్ధాల విధ్వంసం చూసిన తరువాత దేశాలన్నీ ఒక ఒడంబడికకు వచ్చాయి. 1945 జూన్ 26న శాన్ ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్య సమితి నియమావళిపై సంతకాలు జరిగాయి. సంతకం చేసినవారిలో మన భారతదేశం కూడా ఉన్నది. అందులోని రెండవ అధికరణం ప్రకారం దేశాలన్నీ సార్వభౌమాధికారంలో సమానమే. ఒక దేశపు భూభాగంపై, స్వాతంత్ర్యంపై మరొక దేశం బలప్రయోగం చేయరాదు. సాయుధ దాడి జరిగినప్పుడు ఆత్మరక్షణ చేసుకునే హక్కును 51వ అధికరణం గుర్తించింది. దాడికి గురైన దేశానికి ఇతరులు తోడు నిలవవచ్చు. అయితే తీసుకున్న చర్యను వెంటనే భద్రతా మండలికి తెలియజేయాలి. మండలి తగిన చర్యలు చేపట్టేవరకే ఆ హక్కు. నికరాగువా వ్యాజ్యంలో 1986లో అంతర్జాతీయ న్యాయస్థానం మరొక మాట స్పష్టం చేసింది. ఆత్మరక్షణ అవసరమైనదై ఉండాలి, జరిగిన దాడికి తగిన పరిమాణంలోనే ఉండాలి.

విశ్వాసులారా! ఈ సూత్రాలు మనకు కొత్తవా? సూరె హజ్ 39, 40 ఆయతులలో యుద్ధానికి అనుమతి ఎవరికి లభించింది? తమపై యుద్ధం రుద్దబడినవారికి, అన్యాయానికి గురై ఇండ్ల నుండి గెంటివేయబడినవారికి. ఆ రక్షణ లేకపోతే మసీదులతో పాటు మఠాలు, చర్చిలు, యూదుల ప్రార్థనాలయాలు కూడా నేలమట్టమయ్యేవని అక్కడే తెలుపబడింది. సూరె బఖరా 190వ ఆయతు, మీతో పోరాడేవారితోనే పోరాడండి, హద్దు మీరకండి అన్న ఆదేశాన్నిచ్చింది. సూరె హుజురాత్ 12వ ఆయతు అతిగా అనుమానించడం మానుకోమంటున్నది. కొన్ని అనుమానాలు పాపమే అవుతాయని చెబుతున్నది. సూరె అన్‌ఫాల్ 58వ ఆయతు ఇంకా ముందుకు పోయింది. ఎదుటివారు ద్రోహం చేస్తారన్న భయం కలిగినా, ముందుగా ఒడంబడిక రద్దయిందని వారికి బహిరంగంగా తెలియజేయాలి. ఒప్పందం చాటున దెబ్బతీయడం అల్లాహ్‌కు ఇష్టం లేదు.

ఈ బోధనను సహాబాలు ఎంత నిష్ఠగా పాటించారో చూడండి. హజ్రత్ ముఆవియా (రజి) కాలంలో రోమనులతో సంధి ఉండేది. గడువు ముగియబోతుండగా ఆయన సేనతో సరిహద్దు వైపు కదిలారు. గడువు తీరిన మరుక్షణం దాడి చేయాలన్నది ఉద్దేశం. అప్పుడు హజ్రత్ అమ్ర్ బిన్ అబసా (రజి) గుర్రంపై వేగంగా వచ్చి, మాట నిలుపుకోవాలి, ద్రోహం తగదు అని ఎలుగెత్తి చాటారు. దైవప్రవక్త (సఅసం) బోధనను వినిపించారు. ముఆవియా (రజి) సేనను వెనుకకు మళ్లించారు. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఈ ఉదంతం ఉన్నది. దాడి ఇంకా జరగలేదు, కేవలం సన్నాహమే. అయినా ఒక్క సహాబీ మాటకు సైన్యమే వెనుదిరిగింది. కర్నూలు గుమ్మం ముందు అలాంటి గొంతు ఒక్కటి కూడా వినిపించలేదు.

2003లో కూడా ఆ గొంతును వినలేదు. సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయంటూ అమెరికా, బ్రిటన్ సేనలు ఇరాక్‌లో ప్రవేశించాయి. అటువంటి ఆయుధాల నిల్వలు లేవని 2004లో అమెరికా నియమించిన పరిశోధక బృందమే తేల్చింది. అది సమితి నియమావళికి అనుగుణమైన చర్య కాదని నాటి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ అన్నారు. కర్నూలులో ఆయుధాలైనా దొరికాయి. ఇరాక్‌లో అవి కూడా దొరకలేదు. 2025 జూన్ 13న ఇజ్రాయెల్ ఇరాన్‌పై దాడికి దిగినప్పుడు, ఇరాన్ అణ్వాయుధం సంపాదించకుండా ఆపడమే తన ఉద్దేశమన్నది. రేపటి భయాన్ని నేటి దాడిగా లెక్కగడితే ప్రపంచంలో ఏ దేశానికీ భద్రత ఉండదు.

అయితే సోదరులారా, మన తక్కెడ కూడా సరిగా ఉండాలి. 1990 ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. దాడి చేసినది ముస్లిం పాలకుడే, దాడికి గురైనదీ ముస్లిం దేశమే. లక్షమందికి పైగా భారతీయులు ఉన్నదంతా వదలి విమానాలెక్కి స్వదేశం చేరారు. కువైట్ జీతాలపై బ్రతికే మన కుటుంబాలకు ఆ బాధ తెలుసు. విశ్వాసులలో రెండు వర్గాలు పోరాడితే సంధి చేయండి, ఒక వర్గం దౌర్జన్యానికి దిగితే అది దారికి వచ్చేవరకు ఎదిరించండి, ఆ పిమ్మట న్యాయంతో సర్దుబాటు చేయండి అన్నదే సూరె హుజురాత్ 9వ ఆయతు సారం. దురాక్రమణ చేసినవాని పేరు చూసి తీర్పు మార్చేవాడు న్యాయవంతుడు కాడు.

నిజమైన సార్వభౌమత్వం అల్లాహ్‌దే. దేశాలకున్నది అమానతు మాత్రమే. అమానతును కాపాడుకోవడం హక్కు. ఆ పేరుతో ఇతరుల అమానతును కాజేయడం దౌర్జన్యం.

ఈ పలుకులు పలికి, మా కోసం, మీ కోసం అల్లాహ్‌ను క్షమాపణ వేడుకుంటున్నాము.

రెండవ ఖుత్బా

సర్వ స్తోత్రాలు అల్లాహ్‌కే. సోదరులారా! దేశాల సంగతి మన చేతిలో లేదు, మనం చేయగలిగినది ఏమున్నదని అనుకోకండి. పొలం గట్టు దగ్గర, వీధి మలుపు దగ్గర మనమూ చిన్న రాజ్యాలమే. గట్టు జరుపుతాడేమో అన్న అనుమానంతో ముందే కర్ర ఎత్తినవాడు కర్నూలు మీదికి సేనను పంపినవానికి భిన్నం కాడు.

మన దేశ చట్టం కూడా ఇదే చెబుతున్నది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుండి 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కునిస్తున్నాయి. ప్రాణానికి, ఆస్తికి ఆపద వచ్చినప్పుడు ఎదిరించవచ్చు. కానీ రక్షణకు అవసరమైనదానికంటే ఎక్కువ హాని చేయరాదు. అధికారులను ఆశ్రయించే వ్యవధి ఉన్నచోట ఆ హక్కే లేదు.

యువకులారా! దేశాన్ని రక్షించే బాధ్యత ప్రభుత్వానిది, సైన్యానిది. ఏ గుంపుకూ, ఏ వ్యక్తికీ యుద్ధం ప్రకటించే అధికారం లేదు. ఎక్కడో జరిగిన అన్యాయానికి ఇక్కడి పొరుగువానిపై కోపం చూపడం మరొక అన్యాయం. ఫోనులో వచ్చిన ప్రతి వార్తనూ నమ్మి ముందుకు పంపకండి. వార్త వచ్చినప్పుడు నిజానిజాలు విచారించుకోమని సూరె హుజురాత్ 6వ ఆయతు ఆదేశిస్తున్నది. ఒక జాతి మీది ద్వేషం మిమ్మల్ని అన్యాయానికి పురికొల్పరాదని సూరె మాయిదా 8వ ఆయతు హెచ్చరిస్తున్నది.

ఓ అల్లాహ్! మా దేశాన్ని, మా ఊళ్లను శాంతితో ఉంచు. పీడితులు ఎక్కడ ఉన్నా వారికి తోడ్పడు. పాలకులకు న్యాయబుద్ధిని ప్రసాదించు. మా హృదయాలను అనుమానం నుండి, మా చేతులను దౌర్జన్యం నుండి కాపాడు. మా తక్కెడను మిత్రుల పట్ల, శత్రువుల పట్ల సమానంగా నిలుపు. ఆమీన్.