పసిబిడ్డను పరీక్షించేది ఏ భాషలో?

హోసూరు పక్కన ఒక పల్లె అనుకోండి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. మూడేళ్ళ పిల్లవాడికి మాటలు సరిగా రాలేదని తల్లి పట్నం తీసుకువెళ్ళింది. అక్కడ ఆవు బొమ్మ చూపి, ఇదేమిటని తమిళంలో అడిగారు. పిల్లవాడు దిక్కులు చూశాడు. అదే బొమ్మ అమ్మమ్మ చూపితే "ఆవు, అంబా" అంటాడు. కాగితం మీద మాత్రం మాట లేదని రాశారు. పైగా, ఇంట్లో తెలుగు మానేసి తమిళమే మాట్లాడమని సలహా ఇచ్చారు.

ఇది నేను కల్పించి చెప్పిన ఉదాహరణ. కాని కోలారులో, షోలాపూరులో, బరంపురంలో తెలుగు మాట్లాడే ఏ తల్లికైనా ఇటువంటి సలహా ఎదురుకావచ్చు. అప్పుడు ఏం చేయాలి?

ముందుగా ఒక సంగతి. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు మాట ఆలస్యం కాదు. బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్న పిల్లలు కూడా తమ శక్తి మేరకు రెండు భాషలు నేర్వగలరు. తెలుగు మానేసిన తల్లి తనకు అంతగా రాని భాషలో రెండు ముక్కలు మాట్లాడి ఊరుకుంటుంది. మాట నేర్వవలసిన బిడ్డకు వినే మాటలే కరువవుతాయి. అమ్మమ్మ కథలూ పోతాయి.

అలాగని "రెండు భాషల ఇల్లు కదా, వాడి మేనమామకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి" అని కూర్చోవడమూ పొరపాటే. నిజమైన లోపం ఉంటే అది ఇంటి భాషలోనూ కనిపిస్తుంది. ఏడాది నిండినా పేరు పిలిస్తే తిరిగి చూడకపోయినా, ఏడాదిన్నర దాటినా ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్ళకు "అమ్మా రా" వంటి రెండు మాటలు కలపలేకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆలస్యం చేయకండి. మొట్టమొదట వినికిడి పరీక్ష చేయించండి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. అవసరమైన వారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. మైసూరులో 1965లో వెలసిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, చెన్నై దగ్గర ముట్టుకాడులోని బహు వైకల్యాల జాతీయ సంస్థ, ముంబయిలో అలీ యావర్ జంగ్ పేరిట ఉన్న వినికిడి సంస్థ మన పొరుగునే ఉన్నాయి.

వెళ్ళేముందు బిడ్డ పలికే మాటలన్నీ, ఏ భాషవైనా సరే, ఒక కాగితం మీద రాసుకోండి. "ఆవు" అన్నా మాటే, "మాడు" అన్నా మాటే. రెండు భాషలవీ కలిపి లెక్కించాలి. "మా ఇంటి భాష తెలుగు, ఆ భాషలో కూడా చూడండి" అని అడగండి. దుబాసీగా తెలిసిన పెద్దవారిని తీసుకువెళ్ళండి. పెద్దపిల్ల మీద ఆ భారం వేయకండి. బిడ్డకు శిక్షణ ఇచ్చే ప్రత్యేక ఉపాధ్యాయులకు భారత పునరావాస మండలిలో నమోదు ఉన్నదీ లేనిదీ కూడా అడగవచ్చు. ఇలా అడగడం అమర్యాద కాదు.

నిపుణులకూ ఒక విన్నపం. పిల్లలందరికీ ఒకే ప్రశ్నపత్రం పెట్టడం పైకి న్యాయంగానే కనిపిస్తుంది. ఆ ప్రశ్న అర్థమైన బిడ్డకూ అర్థం కాని బిడ్డకూ ఒకే మార్కు వేస్తే, లోపం లేనివాడికి లోపం అంటగడతాం. నిజంగా సాయం కావలసినవాడిని భాష తెలియదులెమ్మని వదిలేస్తాం. రెండు విధాలా నష్టపోయేది బిడ్డే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు ఏర్పాట్లు చేయమని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. ఈ రెండూ బిడ్డ బడిలో చేరే వయసుకు సంబంధించినవి. మాట నాటుకునేది అంతకుముందే, తల్లి ఒడిలో. ఆ నాలుగైదేళ్ళూ కాపాడవలసింది మనమూ, అంగన్‌వాడీ కార్యకర్తా, నిపుణులూ కలిసి.

ఈ రాత్రి మీ బిడ్డతో మీకు వచ్చిన తెలుగులోనే కబుర్లు చెప్పండి. బిడ్డ తీరు మీద అనుమానం ఉంటే రేపే అంగన్‌వాడీకి వెళ్ళండి.