లారీ సీటులో లంబార్ సపోర్ట్ విరిగిందా? సీటు మార్చే ముందు ఇది చూడండి

ఇవాళ్టి ఎపిసోడ్ లారీ డ్రైవర్ల కోసం, ముఖ్యంగా లారీ ఓనర్ల కోసం. కారు, పికప్ నడిపేవాళ్ళకి కూడా సగానికి పైగా పనికొస్తుంది. టాపిక్ ఏంటంటే, డ్రైవర్ సీటులో నడుము దగ్గర ఉండే లంబార్ సపోర్ట్. అది విరిగిపోయినా, అందులో గాలి నిలవకపోయినా మొత్తం సీటు మార్చాలా, రిపేర్ చేసుకోవచ్చా? చాలాసార్లు రిపేర్ చేసుకోవచ్చు. పాడయ్యేది చిన్న వస్తువే. ఎలాగో ఒక్కొక్కటిగా చెప్తాను.

ముందు ఒక రెండు నిమిషాలు ఇది ఎందుకు ముఖ్యమో చూద్దాం. మన వెన్నెముకలో నడుము భాగంలో 5 పూసలు ఉంటాయి, వాటి మధ్యలో డిస్కులు ఉంటాయి. మనిషిని పక్క నుంచి చూస్తే నడుము దగ్గర వెన్ను పొట్ట వైపుకి కాస్త వంగి ఉంటుంది. నిలబడితే ఆ వంపు దానంతట అదే ఉంటుంది. కూర్చోగానే తగ్గిపోతుంది, గూని పడి కూర్చుంటే పూర్తిగా పోతుంది. అప్పుడు నడుముకీ సీటుకీ మధ్య ఒక ఖాళీ వస్తుంది చూడండి, ఆ ఖాళీని నింపడమే లంబార్ సపోర్ట్ పని.

దీనికి తోడు లారీలో కుదుపు. కూర్చున్న మనిషి ఒంటికి సెకనుకు 4 నుంచి 8 సార్లు పైకీ కిందకీ ఊపే కుదుపు బాగా తగులుతుంది. మన శరీరం కొలతలే అలా ఉన్నాయి. వాహనాల కుదుపుని కొలిచే ఐఎస్ఓ 2631 స్టాండర్డ్‌లో కూడా నిలువు కుదుపుల్లో ఈ రేంజికే ఎక్కువ వెయిటేజ్ ఇచ్చారు. లోడు మీద ఉన్న లారీ గుంతల రోడ్డులో దాదాపు ఇలాగే ఊపుతుంది.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినప్పుడు నాకిచ్చిన కుర్చీకి లంబార్ సపోర్ట్ ఉండేది. ఏసీ రూమ్, కదలని ఫ్లోర్, గంటకోసారి లేచి టీకి వెళ్ళే ఛాన్స్. దానికే అంత జాగ్రత్త. మరి లారీ డ్రైవర్‌కి? మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం 1961లోనే వచ్చింది, రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అని అప్పుడే అందులో రాశారు. రోడ్డు మీద ఎన్ని గంటలు నడుస్తుందో మీకే బాగా తెలుసు. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలకి ఏసీ క్యాబిన్ ఉండాలని రూల్ వచ్చింది, మంచిదే. క్యాబిన్ చల్లబడుతుంది. కానీ పాత బండిలో, విరిగిన సీటులో కూర్చున్న మనిషి నడుము సంగతి ఎవరు చూస్తారు?

విజయవాడ ఆటోనగర్‌లో ఒక డ్రైవర్ బాబాయ్‌తో మాట్లాడాను. చీమకుర్తి గ్రానైట్ వేసుకుని కృష్ణపట్నం పోర్టుకి తిప్పుతారు. సీటు వెనక తువ్వాలు చుట్టలా చుట్టి పెట్టుకున్నారు. "బాబాయ్, లంబార్ నాబ్ ఉంది కదా, తిప్పట్లేదా?" అన్నా. "అది తిరుగుతానే ఉంటది తమ్ముడూ, లోపల ఏం కదలదు. రెండేళ్ళయింది" అన్నారు. ఓనర్‌కి చెప్పలేదా అంటే నవ్వేశారు. "కమాను పట్టీ ఇరిగితే ఫోన్ చేస్తా. నా నడుం పట్టేసిందని ఫోన్ చేస్తే ఏం బాగుంటది?" అన్నారు.

అసలు సమస్య ఇదే అండీ. కమాను పట్టీ విరిగితే లారీ ఆగుతుంది, కాబట్టి ఆ రోజే మారుస్తారు. లంబార్ సపోర్ట్ విరిగితే లారీ ఆగదు. డ్రైవర్ మెల్లమెల్లగా ఆగిపోతాడు. అందుకే ఆ పని వాయిదా పడుతూనే ఉంటుంది.

సరే, పనిలోకి వెళ్దాం. లంబార్ సపోర్ట్‌లో ముఖ్యంగా రెండు రకాలు.

మొదటిది మెకానికల్. పక్కన నాబ్ కానీ లివర్ కానీ ఉంటుంది. స్పాంజి వెనకాల ఒక వంపు తిరిగిన ప్లాస్టిక్ ప్లేటో, తీగల జాలీనో ఉంటుంది. చాలా సీట్లలో నాబ్ తిప్పితే సైకిల్ బ్రేక్ కేబుల్ లాంటి ఒక కేబుల్ లాగుతుంది. అది ప్లేటు పై అంచునీ కింది అంచునీ దగ్గరికి లాగితే మధ్యలో పొట్టలా ముందుకి ఉబ్బుతుంది. ఒక పోస్ట్‌కార్డుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నొక్కి చూడండి, సేమ్ అదే.

రెండోది గాలి రకం. సీటు లోపల చిన్న గాలి తిత్తి ఉంటుంది, బ్లాడర్ అంటారు. కొన్నిటికి బీపీ మిషన్‌కి ఉన్నట్టు చేత్తో నొక్కే రబ్బరు బల్బు ఉంటుంది. కొన్ని కార్లు, పికప్‌లలో చిన్న కరెంట్ పంపు. లారీల్లో ఎయిర్ సీటు ఉంటే గాలి బండి ఎయిర్ సిస్టమ్ నుంచే వస్తుంది.

విప్పడానికి ముందు, అసలు ఏం పాడైందో తెలుసుకోండి. కోడింగ్‌లో కూడా బగ్ ఎక్కడుందో తెలియకుండా కోడ్ మార్చం కదా. నాబ్ ఫ్రీగా తిరిగిపోతుంటే కేబుల్ తెగింది, లేదా దాని చివర ఉండే గుండు జారిపోయింది, లేదా నాబ్ లోపలి పళ్ళు అరిగాయి. నాబ్ అసలు తిరక్కపోతే కేబుల్ తుప్పు పట్టి బిగుసుకుంది. సీటులో ఒక పక్కే గట్టిగా గుచ్చుకుంటుంటే ప్లేటు కొక్కెం ఒక వైపు విరిగింది. గాలి రకంలో స్విచ్ నొక్కగానే బుస్సుమని శబ్దం వస్తే పైపు ఊడింది. గాలి నిండి, పది నిమిషాల్లో దిగిపోతే సన్నటి లీకేజీ.

ఇప్పుడు జాగ్రత్తలు, స్కిప్ చేయకండి. కారు, పికప్ సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని ట్యాగ్ ఉంటే ఆ సీటు మీరు విప్పొద్దు. సర్వీస్ సెంటర్‌లో ఎయిర్‌బ్యాగ్ పని తెలిసినవాళ్ళే చేయాలి. లారీ అయితే సమంగా ఉన్న నేల మీద పెట్టి, చక్రాలకి దిమ్మలు వేయండి. సీటు బెల్టు సీటుకే బిగించి ఉంటే, ఆ బెల్టు పాయింట్ దగ్గర ఫ్రేముకి వెల్డింగ్ పెట్టడం, బెజ్జం కొట్టడం అస్సలు వద్దు.

మెకానికల్ రకం రిపేర్ చూద్దాం. నాబ్‌కి మధ్యలో స్క్రూ కానీ వెనక క్లిప్ కానీ ఉంటుంది, తీసేయండి. సీటు వెనక భాగానికి కొన్నిట్లో ప్లాస్టిక్ మూత, కొన్నిట్లో జిప్, కొన్నిట్లో రెగ్జిన్ కింది అంచుకి కొక్కెంలా ఉండే ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. దాన్ని కిందకి నొక్కి వెనక్కి లాగితే వస్తుంది. రెగ్జిన్ కోయాల్సిన పనేం లేదు. లోపల ఏదైనా కదిలించే ముందు ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకోండి. బిగించేటప్పుడు అవే మీ మాన్యువల్.

కేబుల్ చివర గుండు జారిపోయి ఉంటే దాని గాడిలో మళ్ళీ కూర్చోబెట్టండి, గాడి వెడల్పయిపోతే ఒక చిన్న వాషర్ అడ్డం వేయండి. కేబుల్ తెగితే లోపలి తీగ మందం కొలవండి. సైకిల్ బ్రేక్ తీగ సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటుంది, చాలాచోట్ల సరిపోతుంది. పాత కవచంలోంచే కొత్త తీగ దూర్చి, కొంచెం గ్రీజు రాసి, చివర స్క్రూతో బిగించే గుండు వేయండి. సైకిల్ షాపులోనో, బైక్ కేబుళ్ళు చేసే షాపులోనో దొరుకుతాయి. వంద రూపాయల లోపు పని. ఒక మాట గుర్తుంచుకోండి, కొత్త తీగ పొడవు పాతదానితో సమానంగా ఉండాలి. పొడవైతే నాబ్ తిప్పినా ప్లేటు ఉబ్బదు. పొట్టిగా ఉంటే ఎప్పుడూ ఉబ్బే ఉంటుంది.

ప్లేటు కొక్కెం విరిగితే చాలామంది ఫెవిక్విక్ పోస్తారు, లేదంటే ఎం-సీల్ పెడతారు. నిలవదు. ఈ ప్లేట్లు చాలావరకు పాలీప్రొపిలీన్ లాంటి ప్లాస్టిక్, జిగురు దాన్ని సరిగ్గా పట్టుకోదు. పైగా ఇది రోజూ వంగే పార్ట్. విరిగిన చోటికి కాస్త లోపలగా 3 మిల్లీమీటర్ల బెజ్జాలు రెండు పెట్టండి. మధ్యలో వాషర్ ఉంచి 2 మిల్లీమీటర్ల జీఐ తీగతో ఫ్రేముకి కొక్కెంలా కట్టండి. తీగ చివరలు సీటు వెనక వైపుకి వంచాలి, వీపు వైపు ఉంటే స్పాంజిని చీల్చుకుని గుచ్చుకుంటాయి. ప్లేటుకీ స్పాంజికీ మధ్య మందపాటి గుడ్డ ఒకటి పెట్టండి. గుడ్డ లేకపోతే ప్లేటు అంచు రాపిడికి స్పాంజి పొడి పొడి అవుతుంది.

ఇక గాలి రకం. లారీ ఎయిర్ సిస్టమ్‌లో నాలుగు దారుల ప్రొటెక్షన్ వాల్వ్ ఉంటుంది. బ్రేకులకి వేరే దారులు, సీటు లాంటి అదనపు వాటికి వేరే దారి. ఒక దాంట్లో లీకేజీ వస్తే మిగతావాటిలో గాలి మొత్తం పోకుండా అది కాపాడుతుంది. అందుకే సీటుకి గాలి రావట్లేదని ఎవరైనా బ్రేక్ లైన్ నుంచి టీ-జాయింట్ వేస్తామంటే ఒప్పుకోవద్దు. నడుము కోసం బ్రేకుని పణంగా పెట్టే పని అది.

లీకేజీ వెతకడానికి సబ్బు నీళ్ళు చాలు. స్విచ్ నొక్కి గాలి నింపి, జాయింట్లన్నిటికీ బ్రష్‌తో రాయండి. బుడగ వచ్చిన చోట లీకు. ఆ తర్వాత సీటు లైన్‌లో గాలి పూర్తిగా వదిలేశాకే పైపు ఊడదీయాలి, గాలి ఉండగా లాగితే పైపు కొరడాలా మొహానికి కొడుతుంది. జాయింట్ దగ్గర లీకైతే పైపు చివర ఒక సెంటీమీటర్ కొత్త బ్లేడుతో నిటారుగా కోసి, మళ్ళీ కనెక్టర్‌లో చివరి దాకా నొక్కండి. చాలా లీకులు ఇక్కడే ఆగిపోతాయి. ఏటవాలుగా కోస్తే మాత్రం మళ్ళీ లీకే.

తిత్తిలోనే లీకైతే దాన్ని తీసి నోటితో ఊది నీళ్ళ బకెట్లో ముంచండి, పంక్చర్ షాపులో ట్యూబ్‌కి చేసినట్టే. రబ్బరు తిత్తి అయితే సైకిల్ ప్యాచ్ పడుతుంది. ప్లాస్టిక్ తిత్తికి ఆ సొల్యూషన్ పట్టదు. అతుకు దగ్గర విడిపోతే ప్యాచ్ గురించి ఆలోచించకండి, తిత్తి మార్చడమే. దొరక్కపోతే చేతి బల్బు ఉన్న తిత్తి వేసుకోవచ్చు. బండి గాలితో సంబంధం లేదు కాబట్టి గొడవ తక్కువ. కానీ పాత పైపు చివర సరైన ప్లగ్‌తో మూసేయాలి, ప్లాస్టర్ చుట్టి వదిలేయకూడదు.

బిగించాక సెట్టింగ్ కూడా చూసుకోండి, ఇక్కడే చాలామంది వదిలేస్తారు. జేబులో వెనక పర్సు ఉంటే తీసేయండి, అది ఒక పక్క తుంటిని ఎత్తేస్తుంది. సీటులో పూర్తిగా వెనక్కి జరిగి కూర్చోండి. క్లచ్ మొత్తం తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండాలి. లంబార్ సున్నా దగ్గర మొదలుపెట్టి, బెల్టు పెట్టుకునే చోటికి కాస్త పైన మెత్తగా తగిలే దాకా పెంచండి. తగిలితే చాలు, ముందుకి నెట్టకూడదు. గంట తర్వాత మళ్ళీ ఒకసారి కొంచెం అటూ ఇటూ మార్చుకోండి.

ఒక ముఖ్యమైన విషయం. లంబార్ సపోర్ట్ బాగుచేస్తే నడుము నొప్పి జబ్బు నయమైపోతుందని నేను చెప్పట్లేదు. నొప్పి కాలులోకి దిగుతుంటే, తిమ్మిర్లు వస్తుంటే డాక్టర్‌కి చూపించండి. కాళ్ళలో బలం తగ్గినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం, మోషన్ మీద అదుపు తప్పినా ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్ళాలి. ట్రిప్పు అయ్యాక చూద్దాం అనుకోవద్దు.

చివరిగా ఓనర్లకి ఒక రిక్వెస్ట్. బండి గ్రీజింగ్‌కి, ఆయిల్ చేంజ్‌కి వచ్చినప్పుడు ఒక్కసారి డ్రైవర్ సీటులో మీరే కూర్చోండి. నాబ్ తిప్పండి, స్విచ్ నొక్కండి, ఐదు నిమిషాలు కూర్చుని చూడండి. డ్రైవర్ వచ్చి అడిగే దాకా ఆగకండి, ఎందుకంటే చాలామంది అడగరు. మెకానిక్‌కి రాసిచ్చే లిస్టులో బ్రేకు, లైట్లు, టైర్లతో పాటు సీటు అని కూడా ఒక లైన్ రాయండి. డ్రైవర్ అన్నలూ, బాబాయిలూ, మీరు కూడా మొహమాటపడొద్దు. సీటు కూడా బండి పార్టే. అది పాడైందని చెప్పడం కంప్లైంట్ కాదు, కమాను పట్టీ విరిగిందని చెప్పినట్టే.

మీ బండిలో సీటు ఏ రకమో, ఎక్కడ పాడైందో రాయండి, ఫొటో ఉంటే ఇంకా మంచిది. ఎక్కువమందికి ఉన్న ప్రాబ్లమ్ ఏదైతే దాన్ని విప్పి చూపిస్తాను. లారీ నడిపేవాళ్ళు మీ ఇంట్లో ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపండి. మళ్ళీ కలుద్దాం, జాగ్రత్తగా వెళ్ళి రండి. నమస్తే.